వినోదోద్యానము చెంత కుటుంబపు బస

అమెరికాలోని బిడ్డల యొద్దకు పోవు పెద్దలు మనలో ననేకులు. మనుమలు పట్టుపట్టినచో ఓర్లాండో నగరము చెంతనున్న డిస్నీ వరల్డునకు పోక తప్పదు. 1971లో తెరువబడిన యా స్థలము ఒక్క తోట కాదు. మైళ్ల యెడమున నున్న నాలుగు తోటలు. కావున బస దగ్గర యన్నచో, దేనికి దగ్గర యని యడుగవలెను.

మొదటిసారి నే నడుగలేదు. హోటలువారు "ఫ్యామిలీ సూట్" అనిరి. వేర్వేరు గదు లుండునని నమ్మితిని. లోపల జూడగా నడుమ నున్నది సగపు గోడ, తలుపు లేదు. మే మార్గురము, స్నానపు గది యొక్కటి! పసివాడు నిద్రించుటకై రాత్రి యెనిమిదింటికే దీపము లార్పి, చీకటిలో గుసగుసలాడుచు గూర్చుంటిమి. నా భార్యకు మోకాళ్ల నొప్పి. మధ్యాహ్నము నడుము వాల్చుటకు మరలుదమన్న బస్సుకై చాలసేపు నిలువవలసి వచ్చెను. రెండవనాడు ఆమె బస కదలలేదు. అంత దూరము పోయి యామె చూచినది హోటలు గోడలే.

తరువాతి పర్యాయము డిస్నీవారి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటలులో దిగితిమి. 2012లో తెరచిన దాని సూటునందు ఆర్గురు పరుండవచ్చును. స్నానపు గదులు రెండు, పడకగదికి తలుపు గలదు. వంటమూల యున్నది గాని పొయ్యి లేదు. మైక్రోవేవు, చిన్న ఫ్రిజ్ మాత్రమే. పెరుగన్నమునకు అది చాలును. 2019 నుండి తీగపై సాగు పెట్టెలలో, నడుమ నొకచోట మారి, రెండు తోటలకు పోవచ్చును. మ్యాజిక్ కింగ్డమునకు మాత్రము బస్సే. వెల హెచ్చు, రెండు వేరు గదుల వెలతో సరిచూచుకొనుడు. డబ్బు కట్టకముందే గది పటము తెప్పించి తలుపు లెన్నియో మీరే లెక్కింపుడు, పిల్లలకు విడువకుడు.