గోడ మీద రాతలు పోవాలని శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తున్నారా? రంగుతో పాటు గోడ కూడా అరిగిపోతుంది.. ముందు ఇవి తెలుసుకోండి!

రాత్రికి రాత్రే ప్రహరీ గోడ మీద ఎవరో స్ప్రే పెయింట్‌తో రాసేసి పోతారు. నీళ్లు కొట్టినా, సర్ఫ్ పెట్టి రుద్దినా వదలదు. అప్పుడు చాలామందికి వినిపించే సలహా ఒక్కటే.. శాండ్ బ్లాస్టింగ్. దాంతో రాతలు పోయే మాట నిజమే. కానీ అది రంగును కరిగించదు, గోడ పైపొరను అరగదీస్తుంది. అసలు సమస్య అక్కడే ఉంది.

ఎలా పనిచేస్తుంది?
కంప్రెసర్ గాలితో ఇసుక లాంటి గరుకు పొడిని గోడ మీదకు వేగంగా కొడతారు. అమెరికాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్‌మన్ ఈ పద్ధతికి 1870లో పేటెంట్ తీసుకున్నారు. గాలి ఒత్తిడి 100 పీఎస్ఐ దాకా ఉంటుంది. అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు మూడు రెట్లు! ఇనుము తుప్పు వదిలించడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఇటుక, రాయి, సున్నం గోడల సంగతి వేరు.

గోడకు ఏమవుతుంది?
కాల్చిన ఇటుకకు పైన గట్టి పొర, లోపల మెత్తటి మట్టి ఉంటాయి. ఆ పైపొర పోతే వాన నీళ్లు లోపలికి ఇంకుతాయి. పాలరాయి, సున్నపురాయి గట్టిదనం మోస్ స్కేలుపై 3 మాత్రమే. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఎవరు ఎవర్ని అరగదీస్తారో చెప్పక్కర్లేదు. గ్రానైట్ గట్టిదే అయినా దాని పాలిష్ పోతుంది. ఇంకో తమాషా ఏంటంటే.. అక్షరాల వెంబడే బ్లాస్టింగ్ చేస్తే రంగు పోయినా అవే అక్షరాలు గోడ మీద తెల్లగా అచ్చుపడి కనిపిస్తాయి. పైగా గరుకైన గోడ తర్వాతిసారి రంగును మరింత లోతుగా పీల్చుకుంటుంది.

ప్రాణాల మీదకు తెచ్చే దుమ్ము
గోడ పోతే మళ్లీ కట్టుకోవచ్చు. ఊపిరితిత్తులు పోతే? ఇసుక పగిలినప్పుడు కంటికి కనిపించని సిలికా ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. సిలికా ధూళి క్యాన్సర్ కారకమని కూడా తేలింది. అందుకే బ్రిటన్ 1949లోనే బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకాన్ని నిషేధించింది. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఈ ధూళిని ఆపలేదు. పనివాళ్లకు బయటి నుంచి మంచి గాలి అందించే హెల్మెట్ కావాలి. ఇసుక బదులు వేరే పొడి వాడినా కాంక్రీట్, గ్రానైట్ గోడల్లోంచే సిలికా లేస్తుందన్నది మర్చిపోకూడదు.

బేకింగ్ సోడాతో కూడా..
స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి 1980లలో మరమ్మతులు చేసినప్పుడు లోపలి రాగి రేకుల మీది తారును బేకింగ్ సోడా కొట్టి వదిలించారు. మెత్తటి పొడి కావడంతో రేకు దెబ్బతినకుండా పని జరిగింది. ఇప్పుడు గోడ రాతలకూ సోడా వాడుతున్నారు. అయితే గోడలో మిగిలిన సోడాను బాగా కడిగేయకపోతే ఉప్పు పేరుకుంటుంది. పక్కనున్న మొక్కలు కూడా మాడిపోతాయి.

చార్మినార్, గోల్కొండల సంగతేంటి?
1591లో కట్టిన చార్మినార్‌పై సున్నపు గచ్చుతో చేసిన నగిషీలున్నాయి. వాటి మీద ఇసుక కొడితే నగిషీ మిగలదు. గోల్కొండ కోటలో సందర్శకులు గీకిన పేర్లదీ ఇదే కథ. గీత లోతు వరకు చుట్టూ ఉన్న గోడనంతా అరగదీస్తే గానీ ఆ పేరు పోదు. ఇలాంటి రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

మరి ఏం చేయాలి?
* రంగు ఎండి పాతబడక ముందే మొదలుపెట్టాలి. ముందు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్.
* పోకపోతే గోడకు సరిపోయే పెయింట్ రిమూవర్.
* రంగు వేసిన సిమెంట్ గోడైతే మళ్లీ రంగు వేయడమే చవక.
* బ్లాస్టింగ్ చివరి మార్గం. అదీ తక్కువ ఒత్తిడితో, నీటితో కలిపి, కనిపించని మూల చిన్న ముక్కపై పరీక్షించాకే.

పని అప్పగించే ముందు కాంట్రాక్టర్‌ను మూడు విషయాలు అడగాలి. ఏ పొడి వాడతారు? ఒత్తిడి ఎంత? పనివాళ్లకు గాలి హెల్మెట్ ఉందా? వీటికి సరైన జవాబు రాకపోతే ఆ పని ఆపేయడమే మేలు.