కొత్త బొమ్మా? పాత బొమ్మా? కోసిగిలో ఓ ఇంటి కథ

కొత్త సినిమా విడుదలైతే మొదటిరోజు మొదటి ఆటకి ఎగబడతాం. పాత సినిమా మళ్లీ వచ్చిందా, అంతకు రెట్టింపు ఈలలు వేస్తాం! బొమ్మ బాగాలేదనుకోండి, పోయేది టిక్కెట్టు డబ్బులూ, రెండున్నర గంటల కాలమూ. మరి ఇల్లు బాగాలేకపోతే? ఇంటర్వెల్‌లో లేచి వచ్చేద్దామంటే కుదరదు కదా!

అందుకే ఈ వారం తారల మేడల సంగతి పక్కన పెట్టి, మనలాంటి వాళ్లు కొనుక్కునే ఇంటి సంగతి చూద్దాం. లొకేషన్: కర్నూలు జిల్లా కోసిగి. గుంతకల్లు నుంచి రాయచూరు వెళ్లే రైలు ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డుకు ముందు ఆగే ఊరు. ఎండలు మెండు, వానలు తక్కువ. ఇక్కడి నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తి తీయడానికీ, మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు తరలిపోతాయి. ‘సుగ్గికి పోవడం’ అంటారు దాన్ని. నెలల తరబడి ఇళ్లకు తాళాలే!

అలా నాలుగైదు సుగ్గిలు చేసి నాలుగు రూపాయలు వెనకేసుకున్న కుర్ర జంట ఒకటి ఉందనుకోండి. వాళ్ల ముందు రెండు ఇళ్లున్నాయి. ఊరి నడుమ నలభై యాభై ఏళ్లనాటి మట్టి మిద్దె ఒకటి. ఊరి బయట, నిన్నమొన్నటిదాకా చేను అయిన చోట, రంగు తడి ఆరని స్లాబు ఇల్లు ఇంకొకటి. అమ్మాయి మనసు స్లాబు మీద. అబ్బాయి అవ్వ మాత్రం, “మిద్దె సల్లగుంటాది నాయనా, ఆ స్లాబు ఎండాకాలం పెనమైతాది” అంటుంది.

ఎవరి మాట నెగ్గాలి?

అవ్వ మాటలో నిజమెంత?

చాలానే ఉందండీ! రాతి గోడ రెండడుగుల మందం ఉంటే పగటి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు గూకుతుంది. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కంప, మట్టి, అన్నిటికన్నా పైన చౌడు మట్టి. గాలికీ వెలుగుకీ గవాక్షి. ఫ్యాను లేని రోజుల్లో మన పెద్దలు కనిపెట్టుకున్న ఎయిర్ కండిషనింగ్ ఇదే. స్లాబు అలా కాదు. పగలంతా ఎండ తాగి, రాత్రి మనం పడుకునే వేళకి ఆ వేడంతా కిందికి కక్కుతుంది.

అయితే అవ్వ చెప్పని సంగతి ఒకటుంది. మిద్దెకు ఊడిగం కావాలి. వానలకు ముందే పైకెక్కి చౌడు పరవాలి, గడ్డి మొలిస్తే పీకాలి, పగుళ్లు పూడ్చాలి. ఏటా పరిచిన మట్టికి బరువు పెరుగుతూనే ఉంటుంది. కింద దూలాన్ని చెదలు తింటూ ఉంటాయి. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే తడిసిన మట్టి బరువు ఆ దూలం మీదే! మట్టి మిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు ఈ జిల్లాకు కొత్త కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి పక్కనున్న మంత్రాలయమే మునిగింది. కరువు సీమ కదా, వాన ఎక్కడొస్తుందిలే అనుకోవడానికి లేదు.

సుగ్గికి పోయి తాళం వేసిన ఇంట్లో చౌడు ఎవరు పరుస్తారు? అసలు ప్రశ్న ఇదీ!

మరి కొత్త హీరో సంగతి?

రంగులు చూసి మురిసిపోకండి. మేకప్ తీస్తే ఎలా ఉంటాడో చూడాలి. ఆదోని ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. ఆ నేల వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైపైన పునాది వేసి కట్టిన ఇంటి గోడ ఒకటి రెండేళ్లలోనే చీలుతుంది. నలభై ఏళ్లు నిలబడ్డ ఇల్లు ఆ పరీక్ష ఎప్పుడో పాసైంది. కొత్త ఇల్లు ఇంకా పరీక్ష రాయనే లేదు!

రెండోది నీళ్లు. కాంక్రీటుకు తిండి సిమెంటైతే, ప్రాణం నీళ్లు. మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన రకమైతే 10 రోజులు తడి ఆరకుండా చూడాలని ప్రమాణం. తాగే నీళ్లకే బిందెలు క్యూలో పెట్టే వేసవిలో కట్టిన ఇంటికి ఎవరు సరిగ్గా తడిపి ఉంటారు? కాబట్టి “ఏ నెలలో స్లాబు వేశారు? ఎన్నాళ్లు తడిపారు?” అని మేస్త్రీనే కాదు, పక్కింటి వాళ్లనూ అడగండి. ఓ మేకు తీసుకుని ప్లాస్టరింగ్ గీకి చూడండి. ఇసుకలా రాలిందా, నమస్కారం పెట్టి వచ్చేయండి!

2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించాక 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గానీ, 8 మించని ఇళ్లతో గానీ కట్టినవాటికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కోసిగి లాంటి చోట ఒకటీ అరా కట్టి అమ్మే ఇళ్లకు ఆ గొడుగు నీడ దొరకడం కష్టమే. గొడుగు లేనప్పుడు మన కళ్లే మనకు రక్ష.

చంద్రముఖి కంటే పెద్ద దెయ్యం

పాత ఇల్లు అనగానే మనకు గుర్తొచ్చేది 2005లో వచ్చిన ‘చంద్రముఖి’. వద్దన్నా వినకుండా పాత బంగళా కొన్నారు, తర్వాత జరిగింది మీకు తెలిసిందే. 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’లోనూ అమ్మకానికి పెట్టిన ఇల్లే కథ. నిజ జీవితంలో పాత ఇంటి దెయ్యం గజ్జెలు కట్టుకుని రాదు. సంతకం పెట్టని వాటాదారు రూపంలో వస్తుంది!

1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఆ చట్టం తెచ్చింది అప్పటి ముఖ్యమంత్రి, మన వెండితెర రాముడు ఎన్టీ రామారావు ప్రభుత్వమే. 2005లో కేంద్ర చట్టం దేశంలోని కూతుళ్లందరికీ ఆ హక్కునిచ్చింది. అందుచేత అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టారు, అయిపోయిందనుకోకండి. అక్కచెల్లెళ్ల సంతకాలేవి? ఇంకో మెలిక కూడా ఉంది. ఊరి నడుమ పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. వాటికి దస్తావేజు వరస తెగి ఉంటే బ్యాంకు అప్పు కష్టం. ప్రభుత్వం పట్టా ఇచ్చిన స్థలమైతే అమ్మే హక్కు వాళ్లకు ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించడం మరవకండి.

కొత్త ఇంటికి ఈ దెయ్యం ఉండదంటారా? 1988లో బాలూ మహేంద్ర తీసిన తమిళ చిత్రం ‘వీడు’ చూడండి. పేరుకు అర్థం ఇల్లు. చిన్న ఉద్యోగం చేసుకునే అమ్మాయి అప్పులు చేసి ఇల్లు కడుతుంది. కాంట్రాక్టరు సిమెంటు కాజేస్తే ఓ కూలి మనిషి బయటపెడుతుంది. అన్నీ దాటుకుని ఇల్లు ఓ రూపానికి వచ్చాక, ఆ స్థలం నీటి సరఫరా సంస్థదని కబురు! ఆ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. మరుసటి ఏడాది మన తెలుగు ‘దాసి’కీ మళ్లీ ఆమే. ‘లేడీస్ టైలర్’లో మనల్ని నవ్వించిన అర్చనే సుమా!

కాబట్టి కొత్త ప్లాటుకూ లే అవుట్ అనుమతి, లింకు దస్తావేజులు చూడాల్సిందే.

క్లైమాక్స్

ఇంతకీ మన జంట ఏం చేయాలి? ఇంటి దగ్గర ఏడాదంతా మనిషి ఉంటే, దూలాలు గట్టిగా ఉంటే, సంతకాలన్నీ కుదిరితే పాత మిద్దె బంగారమే. సుగ్గికి పోయే ఇల్లయితే మాత్రం మట్టి కప్పును నమ్ముకోకండి. అప్పుడు పాత ఇంటికి స్థలం ధర, రాళ్ల ధర మాత్రమే కట్టండి. కప్పుకు పైసా కట్టొద్దు! మిగిలిన డబ్బుతో ఆ రాతి గోడల బలాన్ని తెలిసిన మేస్త్రీకి చూపించి కప్పు మార్చుకోండి. అవ్వ కోరిన చల్లదనంలో సగమైనా దక్కుతుంది, అమ్మాయి కోరిన భయంలేని నిద్రా దక్కుతుంది.

ఆ రెండూ కుదరకపోతే? ఇంకో సుగ్గి ఆగండి. సినిమా రేపు కాకపోతే ఎల్లుండి చూడొచ్చు. ఎర్రటి ఎండలో మిరపకాయలు కోసి కూడబెట్టిన డబ్బుకు మాత్రం రెండో ఆట లేదు!