చావులేనివాళ్ల రాజ్యంలో సామాన్యుడెవరు?: ‘ఇన్ఫినిటీ బ్లేడ్ 2’ బలాలు, బలహీనతలు

దళిత హక్కుల గురించి రాసుకునే చోట మొబైల్ గేమ్ ముచ్చటేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. సినిమాల్లో కులం గురించి, పాఠ్యపుస్తకాల్లో కులం గురించి మనం చాలాకాలంగా మాట్లాడుతున్నాం. హాస్టల్ గదుల్లో రాత్రి పన్నెండు దాటాక కూడా మన పిల్లల చేతుల్లో ఉండే గేమ్‌ల గురించి మాత్రం పెద్దగా మాట్లాడలేదు. సినిమాలో హీరో గెలుస్తాడు, మనం చూస్తాం. గేమ్‌లో గెలవాల్సింది మనమే. ఎవరు గెలవగలరు, ఏం ఉంటే గెలవగలరు, ఎవరికి ఏది వారసత్వంగా వస్తుంది అన్నవి అక్కడ నియమాలుగా ఉంటాయి. ఆ నియమాలను ఒప్పుకోకుండా ఆట ముందుకు సాగదు. అందుకే వాటిని చదవడం కూడా రాజకీయ పనే అని మేము అనుకుంటున్నాం.

ఉదాహరణకు ‘ఇన్ఫినిటీ బ్లేడ్ 2’ని తీసుకుందాం. పాత గేమే. కానీ పుట్టుక, వారసత్వం, దైవత్వం అనే మూడు విషయాలను ఇంత సూటిగా ఆటలో పెట్టిన మొబైల్ ఫ్యాంటసీ గేమ్‌లు తక్కువ. పైగా మొదటి భాగం చెప్పిన కథను రెండో భాగం తలకిందులు చేసింది. ఆ మార్పులో మనం గమనించాల్సింది చాలా ఉంది.

మొదటి భాగం ఏం చెప్పింది?

అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన చెయిర్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్టూడియో, దాని మాతృసంస్థ ఎపిక్ గేమ్స్ కలిసి 2010 డిసెంబర్ 9న ఐఫోన్, ఐప్యాడ్‌ల కోసం ‘ఇన్ఫినిటీ బ్లేడ్’ విడుదల చేశాయి. కథ చాలా చిన్నది. ఒక కోటలో గాడ్ కింగ్ అనే పాలకుడు ఉంటాడు. ప్రజల దృష్టిలో అతను దేవుడు. ఒక యోధుడు కోటలోని కాపలాదారులను ఒక్కొక్కరినే ఓడించుకుంటూ వెళ్లి, చివరికి గాడ్ కింగ్ చేతిలో చనిపోతాడు. ఏళ్లు గడుస్తాయి. కొడుకు అదే దారిలో వస్తాడు. అతనూ చనిపోతే అతని కొడుకు వస్తాడు. తరం తర్వాత తరం ఇలా సాగుతుంది.

ఇక్కడ ఒక నియమం ఉంది. చనిపోయినవాడి కత్తి, డాలు, కవచం, బంగారం, సంపాదించిన నైపుణ్యం అన్నీ వారసుడికి వస్తాయి. మొదటి తరంలో గాడ్ కింగ్‌ను ఓడించడం దాదాపు అసాధ్యం. కొన్ని తరాలు పోగేసిన తర్వాతే అది వీలవుతుంది. ‘ప్రతిభ’ పేరుతో రిజర్వేషన్లను ఎగతాళి చేసేవాళ్లకు చూపించాల్సిన నియమమిది. చివరి తరం యోధుడు గెలిచినప్పుడు అది అతని ఒక్కడి ప్రతిభ కాదు. తాతముత్తాతలు కూడబెట్టిన ఆయుధాల బలం కూడా అందులో ఉంది. ఆస్తి, చదువు, పరిచయాలు తరతరాలుగా పోగుపడ్డ ఇంటి నుంచి వచ్చినవాడిని, ఏమీ పోగుచేసుకోనివ్వని ఇంటి నుంచి వచ్చినవాడిని ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమనడం న్యాయమా అని మనం ఎప్పటినుంచో అడుగుతున్నాం. ఈ గేమ్ ఆ లెక్కను దాచకుండా అంకెల్లో చూపిస్తుంది. గేమ్ చేసినవాళ్లు ఆ ఉద్దేశంతో చేశారని మేము అనడం లేదు. నియమం మాత్రం అదే చెబుతోంది.

రెండో భాగం బలాలు

2011 అక్టోబర్ 4న ఐఫోన్ 4ఎస్ ప్రకటించిన వేదిక మీదే ఆపిల్ ‘ఇన్ఫినిటీ బ్లేడ్ 2’ని చూపించింది. ఆ ఏడాది డిసెంబర్ 1న గేమ్ విడుదలైంది. ఆటగా చూస్తే ఇది మొదటిదానికంటే అన్ని విధాలా పెద్దది.

మొదటి బలం పోరాట పద్ధతి. తెర మీద వేలితో గీస్తే కత్తి కదులుతుంది. శత్రువు దెబ్బ ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి తప్పుకోవాలి, కాచుకోవాలి, లేదా ఎదురు గీతతో తిప్పికొట్టాలి. మొదటి భాగంలో కత్తీ డాలూ ఒక్కటే పద్ధతి. రెండో భాగంలో మూడు వచ్చాయి. కత్తీ డాలూ పట్టుకుంటే కాచుకోవచ్చు, తప్పుకోవచ్చు కూడా. రెండు చేతులతో పట్టే బరువైన ఆయుధం తీసుకుంటే దెబ్బ గట్టిగా పడుతుంది కానీ పక్కకు తప్పుకునే వీలుండదు. రెండు చేతుల్లో రెండు కత్తులు పడితే వేగం పెరుగుతుంది, కాచుకునే డాలు మాత్రం ఉండదు. ఏది తీసుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి. మూడింటినీ సాధన చేసినవాడే నిలబడతాడు.

రెండో బలం నేర్చుకునే విధానం. ఆయుధం వాడేకొద్దీ అనుభవం పెరుగుతుంది. పూర్తిగా పట్టు వచ్చిన ఆయుధం నుంచి ఇక కొత్త అనుభవం రాదు. దాన్ని పక్కనపెట్టి కొత్తది అందుకోవాలి. చేతిపని చేసేవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. చెప్పు కుట్టే చెయ్యి, డప్పు కొట్టే చెయ్యి, మగ్గం నేసే చెయ్యి పని చేస్తూనే పని నేర్చుకుంటాయి. శ్రమే జ్ఞానం అన్న సూత్రం ఆటలోకి ఇలా వచ్చింది.

మూడో బలం కథలో ఉంది. మొదటి భాగంలో గాడ్ కింగ్ నిజంగా దేవుడేమో అన్న అనుమానం మిగులుతుంది. రెండో భాగం ఆ ముసుగు తీసేస్తుంది. అతను దేవుడు కాదు. ‘డెత్‌లెస్’ అనే చిన్న పాలక వర్గంలో ఒకడు. వాళ్లు చచ్చినా మళ్లీ లేస్తారు. అది దైవమహిమ కాదు, వాళ్ల చేతుల్లో మాత్రమే ఉన్న పాత శాస్త్రవిజ్ఞానం. ఆ విజ్ఞానం మిగతావాళ్లకు అందదు కాబట్టి అది మాయలా కనిపిస్తుంది. మాయలా కనిపిస్తుంది కాబట్టి జనం మొక్కుతారు. జ్ఞానాన్ని కొందరి సొత్తుగా చేసి, ఆ సొత్తును పవిత్రమని నమ్మించి, ఆ నమ్మకంతో ఏలడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టినప్పుడు అంబేద్కర్, ఆయన సహచరులు చెప్పదలచింది కూడా ఆ పవిత్రత మనుషులు కట్టిందేననీ, మనుషులే కూల్చగలరనీ.

బలహీనతలు

ముందు ఆట బలహీనతలు చెప్పుకుందాం. దారులు పెరిగాయి, గదులు పెరిగాయి. అయినా చనిపోయినప్పుడల్లా మళ్లీ అవే మెట్లు, అవే మలుపులు. శత్రువుల బలం పెరుగుతుంది, చోటు మాత్రం మారదు. కొన్ని గంటల తర్వాత విసుగు పుడుతుంది. ఆ విసుగు దగ్గరే దుకాణం తెరుచుకుని ఉంటుంది. నిజం డబ్బు పెట్టి గేమ్‌లోని బంగారం కొనుక్కోవచ్చు. మొదట 6.99 డాలర్లు పెట్టి కొన్న గేమ్‌లో మళ్లీ ఇంకో అంగడి. శ్రమే జ్ఞానం అన్న సూత్రానికి ఇక్కడ గండిపడుతుంది. డబ్బున్నవాడు మంచి కత్తి కొని మెట్లు దాటేస్తాడు.

ఇంకో అడ్డు ఫోన్. ఈ గేమ్ ఆపిల్ పరికరాల మీద ఆడేది. మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకు రాలేదు. ఐఫోన్ కొనగలిగిన ఇల్లు ఏదో, కొనలేని ఇల్లు ఏదో 2011లో అడిగితే జవాబు సులభమే. కథలోని ముఖ్యమైన విషయాలు కొన్ని గేమ్‌లో కాకుండా బ్రాండన్ శాండర్సన్ రాసిన ‘ఇన్ఫినిటీ బ్లేడ్: అవేకెనింగ్’ అనే ఇంగ్లీషు నవలికలో ఉన్నాయి. దాన్ని వేరుగా కొనాలి. కొననివాళ్లకు కథ ముక్కలు ముక్కలుగానే అందుతుంది.

అసలు బలహీనత వీటన్నిటికంటే లోతైనది. రెండో భాగం నాయకుడు సైరిస్. అతను ఎవరు? కథ ముందుకు పోయేకొద్దీ తెలిసేది ఏమిటంటే, సైరిస్ సామాన్యుడు కాదు, అతనూ డెత్‌లెస్సే. జ్ఞాపకం పోగొట్టుకున్న ఒక పాత పాలకుడు. ఒకప్పుడు అతని పేరు ఆసార్, క్రూరత్వానికి పేరుమోసినవాడు. తరతరాల కొడుకులు అనుకున్నది కూడా అతనే మళ్లీ మళ్లీ రావడం. అందుకే రెండో భాగంలో నాయకుడు చనిపోతే కొడుకు రాడు, అతనే లేస్తాడు.

ఈ ఒక్క మలుపుతో మొదటి భాగం విలువ మారిపోతుంది. అక్కడ చనిపోయేవాళ్లు చావున్న మనుషులు. ఓడిపోతామని తెలిసీ వెళ్లి, తర్వాతివాడికి ఒక కత్తి మిగిల్చిన మనుషులు. రెండో భాగం వాళ్లందరినీ చెరిపేసి, గాడ్ కింగ్‌తో తలపడగలిగింది అదే పాలక వర్గంలో పుట్టినవాడే అంటోంది. దేవుళ్లు దేవుళ్లు కాదని చెప్పిన నోటితోనే, వాళ్లను కూల్చాలన్నా వాళ్ల రక్తమే కావాలని చెప్పింది. చేతివేళ్లకు నేర్పింది సాధన. కథ ఒప్పుకున్నది పుట్టుక.

మనకు తెలిసిన కథే

ఈ మలుపు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 2015లో వచ్చిన ‘బాహుబలి: ది బిగినింగ్’లో శివుడు కొండకింది గూడెంలో పెరుగుతాడు. అతని బలం ఎక్కడిదో సినిమా చెప్పే జవాబు రాజవంశం. పెంచిన తల్లి చెయ్యి, గూడెం తిండి ఆ జవాబులో ఉండవు. మహాభారతంలో కర్ణుడిని సూతుడి ఇంట్లో పెంచి, చివరికి అతని శౌర్యానికి కారణంగా కుంతినీ సూర్యుడినీ చూపిస్తారు. నిజంగా కింది నుంచి వచ్చి సొంతంగా విలువిద్య నేర్చుకున్న ఏకలవ్యుడికి మాత్రం దాచిన రాజపుట్టుక ఏదీ బయటపడదు. బొటనవేలు పోతుంది.

ఇంకోలా కథ చెప్పడం చేతకాదా? అవుతుంది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోట రాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమిస్తాడు, మాంత్రికుడిని ఓడిస్తాడు, చివరిదాకా తోటమాలి కొడుకుగానే ఉంటాడు. అతనికి దాచిన రాజరక్తం అవసరం పడలేదు. ఆ సినిమాకు దాని పరిమితులు దానికి ఉన్నాయి. పుట్టుక అనే తాళంచెవి లేకుండానే జానపద కథ నడుస్తుందని మాత్రం అది డెబ్బై ఏళ్ల కిందటే చూపించింది.

కులం శ్రమను మాత్రమే కాదు, శ్రమ చేసే మనుషులనే విభజిస్తుందని ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ 1936లో వివరించారు. ఫ్యాంటసీ గేమ్‌లలో ఎల్ఫ్, డ్వార్ఫ్, ఆర్క్ అంటూ పుట్టుకతోనే గుణాలు, పనులు, తెలివి పంచిపెట్టే అలవాటు ఈ విభజనకు చాలా దగ్గరి చుట్టం. 1974లో మొదలైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ దశాబ్దాలపాటు వీటిని ‘రేస్’ అని పిలిచింది. 2024 నియమావళిలో ఆ మాట తీసేసి ‘స్పీసీస్’ అని పెట్టింది. మాట మారడం మంచిదే. పుట్టుకే సామర్థ్యాన్ని నిర్ణయిస్తుందన్న లెక్క ఎంత మారిందన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. మన ఊళ్లలో కూడా వాడ పేరు మార్చినంత మాత్రాన బావి దగ్గర వరుస మారలేదు.

ముగింపులో దొరికే చిన్న దారి

న్యాయంగా చెప్పాలంటే రెండో భాగం చివరలో ఒక మంచి చురక ఉంది. గాడ్ కింగ్‌ను కూల్చే ఉపాయం తెలుసన్న ఆశతో, వాల్ట్ ఆఫ్ టియర్స్ అనే చెరలో ఉన్న వర్కర్ ఆఫ్ సీక్రెట్స్‌ను సైరిస్ వెతుక్కుంటూ వెళతాడు. చెర వీడిన ఆ మేధావే సైరిస్‌ను, గాడ్ కింగ్‌ను కలిపి అందులో బంధిస్తాడు. పైవర్గంలో ఒకరిని పడగొట్టడానికి అదే వర్గంలోని ఇంకొకరిని నమ్ముకుంటే ఏమవుతుందో ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా?

ఈ కథలో చావున్న మనిషి ఐసా. సైరిస్‌కు దారి చూపే స్త్రీ. 2013 సెప్టెంబర్‌లో వచ్చిన మూడో భాగంలో ఆమెగా కూడా ఆడే వీలు కల్పించారు. రెండో భాగంలోనే ఆ అవకాశం ఇచ్చి ఉంటే, ఆడేవాళ్లకు చావులేనివాళ్ల కళ్లతో కాక చావున్నవాళ్ల కళ్లతో ఆ రాజ్యాన్ని చూసే వీలుండేది.

2018 డిసెంబర్ 10న ఈ మూడు గేమ్‌లనూ ఎపిక్ సంస్థ యాప్ స్టోర్ నుంచి తీసేసింది. కొత్తగా ఎవరూ కొనలేరు. పుస్తకమైతే ఏదో గ్రంథాలయంలో మిగులుతుంది. గేమ్ సంస్థ చేతిలో ఉంటుంది, సంస్థ తలచుకున్న రోజున పోతుంది. కాబట్టి గేమ్‌ల మీద పని చేయాలనుకునే విద్యార్థులు ఆడుతున్నప్పుడే రాసిపెట్టుకోవాలి. నియమాలు, సంభాషణలు, ధరలు, ఎవరు ఏ పాత్రలో కనిపించారన్నది నమోదు చేయాలి.

ఏ గేమ్ చేతికొచ్చినా నాలుగు ప్రశ్నలు అడగమని మా సూచన. ఇక్కడ బలం సాధనతో వస్తుందా, పుట్టుకతో వస్తుందా, డబ్బుతో వస్తుందా? ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏది చేరుతుంది, ఎవరికి చేరదు? పాలకుల పవిత్రతను కథ ప్రశ్నిస్తుందా, లేక పాలకుడిని మార్చి ఊరుకుంటుందా? చావున్న మామూలు మనిషిగా ఆడి గెలవడానికి వీలుందా? ‘ఇన్ఫినిటీ బ్లేడ్ 2’ మొదటి ప్రశ్నకు మూడూ అంటుంది. రెండోదానికి నిజాయితీగా జవాబిస్తుంది. మూడోదాన్ని సగం దూరం తీసుకెళ్లి ఆపుతుంది. నాలుగో ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. మన పిల్లల్లో గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లు మొదలుపెట్టాల్సింది ఆ నాలుగో ప్రశ్న దగ్గరే.