తడిక కట్టిన తూము

ఏరా చిన్నా, చేపపిల్లల్ని కొనకుండా, తవుడూ చెక్కా వేయకుండా చేపల చెరువు నడుస్తుందా? మన భీమవరం రైతునడిగితే నవ్వుతాడు. హవాయి వాళ్లు వందల ఏళ్లు నడిపారు.

ఇప్పుడంటే అమెరికా రాష్ట్రం గానీ, 1898లో కలుపుకోకముందు అది వేరే దేశం. నడిసముద్రంలో దీవులు. ఎంత పట్టాలో, ఎంత వదలాలో తెలియకపోతే పస్తే కదా!

ఒవాహు దీవిలో హేఇయా అనేచోట తీరాన్ని ఆనుకుని 88 ఎకరాల చెరువుంది. చుట్టూ సున్నం లేకుండా పేర్చిన నల్లరాళ్ల గోడ, రెండు కిలోమీటర్ల పొడవు. మధ్యలో తూములు. వాటిని ‘మాకాహా’ అంటారు. తూముకి కర్రలు దగ్గరదగ్గరగా కట్టిన తడిక. అసలు తెలివంతా అక్కడే! పోటు వస్తే సముద్రపు నీరు లోపలికి, పాటుకి బయటికి. ఆ నీటితో సన్నని చేపపిల్లలు సందుల్లోంచి దూరి, లోపల మేసి బలుస్తాయి. ఇక ఆ సందు పట్టదు. పెద్దవి తప్పించుకోకుండా, చిన్నవి వచ్చిపోయేలా తడికే చూసుకుంటుంది.

మేత సంగతా? కొండమీంచి వాగు చేమదుంప మళ్లు తడుపుతూ, వాటి సారం మోసుకొచ్చి చెరువులో కలుస్తుంది. లోతు తక్కువ, ఎండ అడుగుదాకా దిగుతుంది, నాచు దట్టంగా పెరుగుతుంది. మల్లెట్ చేపలూ, మన పాలబొంతలూ దాన్నే మేస్తాయి. మోటు లెక్క చెప్తా: పది కిలోల మేతకి కిలో చేప. అదే చేపల్ని తినే చేపయితే? కిలో పెరగాలంటే పది కిలోల చిన్న చేపలు, వాటి వెనక వంద కిలోల నాచు! అందుకే వాళ్లు నాచు మేసేవాటినే పెంచారు. ఎంత ఆలోచనరా!

1965 వరదకి గోడకి గండిపడింది. ఆపైన మడచెట్లు. మన కోరింగలో మడ తీరానికి కాపు. హవాయిలో అది 1902లో మొలొకాయ్ దీవికి బయటినుంచి తెచ్చి నాటిన చెట్టు. తర్వాత హేఇయాకీ చేరి, వేళ్లతో గోడ రాళ్లు కదిలించింది. ఏ చెట్టయినా ఊరెరిగి నాటాలి.

2001లో స్థానికులు ‘పాయెపాయె ఓ హేఇయా’ అనే సంస్థ పెట్టుకున్నారు. మడ నరికి, చేతినుంచి చేతికి రాళ్లందించుకుంటూ 2015లో ఆ గండి పూడ్చారు. తలచుకుంటే నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ చీపురుపుల్లలు ఇలా తే, తడిక కడదాం. సందు ఎంతుండాలో నువ్వే చెప్పాలి.