సముద్రగర్భ కేబుల్‌తో భూకంపాల ఆనవాలు
అండమాన్‌కు ఉపకరించగల ఆప్టికల్ ఫైబర్ పరిశోధన

హోప్ టౌన్ (దక్షిణ అండమాన్): సముద్రం అడుగున పరచిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ టెలిఫోన్ సంభాషణలను, ఇంటర్నెట్ సమాచారాన్ని చేరవేయడమే కాక భూకంపాలను పసిగట్టే సాధనంగా కూడా పనిచేయగలదని వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాలు రుజువు చేశాయి. తరచు భూప్రకంపనలకు గురయ్యే అండమాన్, నికోబార్ దీవులకు ఈ పరిశోధన ఎంతో ప్రయోజనకరం కాగలదు. చెన్నై నుంచి ఈ దీవులకు దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవైన కేబుల్ ఇప్పటికే సముద్రగర్భంలో ఉండటమే ఇందుకు కారణం.

సమాచారం సకాలంలో అందకపోవడం ఈ దీవులకు కొత్త కాదు. 1872 ఫిబ్రవరి 8న అప్పటి వైస్రాయ్ లార్డ్ మేయో మౌంట్ హారియట్ కొండ దిగి వచ్చి హోప్ టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ ఆయనను పొడిచి చంపాడు. దేశాన్ని పాలిస్తున్న వ్యక్తి హత్యకు గురైనప్పటికీ ఆ వార్తను కలకత్తాకు చేరవేయడానికి తంతి సౌకర్యం లేదు. ఓడ వెళ్లి చెప్పేవరకు అక్కడివారికి సంగతి తెలియలేదు. హోప్ టౌన్‌కు ఎదుట, నౌకాశ్రయానికి ఆవలి ఒడ్డున ఉన్న పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.

2020 వరకు ఉపగ్రహాలే

స్వాతంత్ర్యానంతరం కూడా దీర్ఘకాలం ఈ దీవులు ప్రధాన భూభాగంతో సంబంధాలకు ఉపగ్రహాలపైనే ఆధారపడవలసి వచ్చింది. ఉపగ్రహ మార్గం ఖరీదైనది, దాని సామర్థ్యమూ పరిమితం. ఈ కొరతను తీర్చేందుకు 1,224 కోట్ల రూపాయల వ్యయంతో సముద్రగర్భ కేబుల్ నిర్మాణాన్ని చేపట్టారు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన చేసిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న దీనిని ప్రారంభించారు. సార్వత్రిక సేవా నిధి నుంచి సొమ్ము సమకూరగా, భారత్ సంచార్ నిగమ్ పనులను నిర్వహించింది. ఈ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌తోపాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతోంది.

తెలుగువారికి ఇది పరాయి ఊరి సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరి మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లి చేపల వేటపై జీవిస్తున్న కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి.

గాజు పోగులో స్పర్శజ్ఞానం

ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుక మందాన ఉండే స్వచ్ఛమైన గాజు పోగు. ఎంత స్వచ్ఛమైన గాజులోనైనా అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గులు ఉంటాయి. లేజర్ కాంతిని పోగులోకి పంపినప్పుడు వీటికి తగిలి కొద్దిపాటి కాంతి వెనుకకు మళ్లుతుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కనుక కిలోమీటరు దూరం నుంచి మళ్లిన కాంతి సెకనులో లక్షో వంతు కాలంలో తిరిగి వస్తుంది. వచ్చిన సమయాన్నిబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టవచ్చు.

నేల కంపించినప్పుడు దానిపై ఉన్న పోగు లవలేశం సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ మేరకు తిరిగివచ్చే కాంతి తరంగంలో మార్పు కనిపిస్తుంది. పది మీటర్లకొక చోట ఈ మార్పును కొలిస్తే వంద కిలోమీటర్ల కేబుల్ పదివేల భూకంప మాపకాలతో సమానమవుతుంది. సముద్రం అడుగున కొత్త పరికరమేదీ దించనవసరం లేదు. ఒడ్డున కేబుల్ కొసకు లేజర్ యంత్రాన్ని అమర్చితే చాలు.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. దూర కేబుళ్లలో బలహీనపడే కాంతిని పెంచేందుకు మధ్యమధ్య యాంప్లిఫయర్లు ఉంటాయి. వెనుకకు మళ్లిన కాంతి వీటిని దాటి రాలేదు. ఫలితంగా తీరం నుంచి సుమారు వంద కిలోమీటర్ల వరకే ఈ విధానం పనికివస్తుంది.

వేల కిలోమీటర్లకు విస్తరణ

ఈ అడ్డంకిని అధిగమించడంలోనే ఇటీవలి పరిశోధన ముందంజ వేసింది. వాడుకలో ఉన్న ఫైబర్ కేబుళ్లలో లేజర్ కాంతి మార్పుల ద్వారా భూకంపాలను గుర్తించవచ్చని బ్రిటన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాల, ఇటలీ సంస్థల పరిశోధకులు 2018లో ప్రకటించారు. లాస్ ఏంజెలిస్ నుంచి చిలీలోని వాల్పరైజోకు గూగుల్ సంస్థ వేసిన క్యూరీ కేబుల్‌పై కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు మరో మార్గాన్ని పరీక్షించారు. సమాచారాన్ని మోసే కాంతి ధ్రువణంలో కలిగే మార్పులను మాత్రమే గమనించి తొమ్మిది నెలల్లో ఇరవై వరకు భూకంపాలను గుర్తించినట్లు 2021లో వెల్లడించారు. ఆ మార్పులను టెలికం రిసీవర్లు ఎలాగూ కొలుస్తుంటాయి కనుక అదనపు యంత్రం కూడా అవసరం కాలేదు. కానీ కంపనం కేబుల్‌లో ఏ చోట తగిలిందో ఈ పద్ధతిలో కచ్చితంగా తేలదు.

ఆ లోటును పూరించే ఫలితం 2022లో వచ్చింది. బ్రిటన్, కెనడాల మధ్య ఉన్న 5,860 కిలోమీటర్ల కేబుల్‌లో ఒక్కొక్క యాంప్లిఫయర్ వద్ద ఉండే తిరుగు మార్గాన్ని వినియోగించుకుని, రెండు యాంప్లిఫయర్ల నడుమ ఉన్న ప్రతి భాగాన్నీ విడి మాపకంగా మార్చగలిగారు.

ఆ ఆదివారం పాఠం

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా వద్ద మొదలైన భూకంపం ఉత్తరంగా అండమాన్ వరకు దాదాపు 1,300 కిలోమీటర్ల మేర సముద్రగర్భాన్ని చీల్చింది. దాని తీవ్రత 9.1. కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరాన్ని అలలు ముంచెత్తాయి. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. అలలు తమిళనాడు, ఆంధ్ర తీరాలను తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉన్నా హెచ్చరిక అందలేదు. హిందూ మహాసముద్రానికి అప్పట్లో సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు.

ఆ విషాదం దరిమిలా 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం నెలకొంది. భూకంప కేంద్రాలు, సముద్రపు అడుగున నీటి పీడనాన్ని కొలిచే బోయాలు, తీరంలోని అలల మాపకాల నుంచి వచ్చే సమాచారాన్ని ఇది క్రోడీకరిస్తుంది. ప్రధాన భూభాగపు తీరానికి ఈ వ్యవస్థ తగినంత వ్యవధి ఇవ్వగలదు. దీవుల పరిస్థితి వేరు. నాలుగు కిలోమీటర్ల లోతున సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. సమీపంలో పుట్టిన అల దీవులకు చేరడానికి నిమిషాలే చాలు.

భారత ఫలకం అండమాన్ కిందికి చొచ్చుకుపోయే అగాధం దీవులకు పశ్చిమాన ఉంది. చెన్నై నుంచి వచ్చే కేబుల్ దానిని దాటే రావాలి. దీవులను కలిపే శాఖలు ఉత్తర దక్షిణాలుగా, 2004లో చీలిన ప్రాంతం వెంబడే సాగుతాయి. భూకంప మాపకాలు ప్రధానంగా నేలమీదే ఉండే చోట ఇది అరుదైన అవకాశం. సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున సాగే తొలి ప్రకంపనను వంద కిలోమీటర్లు ముందుగా పట్టుకుంటే పన్నెండు సెకన్లు కలిసివస్తాయి. అది స్వల్పమే. అయితే భూమి ఎంత మేర చీలిందో త్వరగా తెలియడం అంతకంటే విలువైనది. అల తీవ్రత అంచనా దానిపైనే ఆధారపడి ఉంటుంది.

ఖర్చు, చిక్కులు

ఆర్థికంగా కూడా ఇందులో ఆకర్షణ ఉంది. బోయాలను నడిసముద్రంలో నిలబెట్టి, మరమ్మతులకు నౌకలను పంపడం వ్యయప్రయాసలతో కూడిన పని. కేబుల్ ఇప్పటికే ఉంది. పైగా ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుంచి 200 వరకు సముద్రగర్భ కేబుళ్లు దెబ్బతింటున్నాయి. వీటిలో అధిక భాగానికి చేపల వలలు, ఓడల లంగర్లే కారణం. లంగరు ఈడ్చుకొస్తున్న అలికిడిని ఫైబరే పట్టి ఇస్తే కేబుల్‌ను కాపాడుకునే వీలు కలుగుతుంది.

చిక్కులూ లేకపోలేదు. ఈ విధానంలో రోజూ పోగుపడే సమాచారం అపారం. అలల ఘోషను, ఓడల చప్పుడును భూకంపం నుంచి వేరు చేయాలి. ఓడల కదలికలను సైతం పసిగట్టగల సాధనం కనుక, త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న ఈ దీవుల్లో రక్షణ శాఖ సమ్మతి లేకుండా అడుగు ముందుకు పడదు. హెచ్చరిక కేంద్రంలోని ప్రస్తుత వ్యవస్థలకు ఇది తోడు కాగలదే తప్ప ప్రత్యామ్నాయం కాజాలదు.

విశాఖపట్నంలో అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్ల కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. బంగాళాఖాతంలో ఇకమీదట వేసే కేబుళ్లకు అనుమతులిచ్చే దశలోనే ఈ ప్రయోజనాన్ని నిబంధనల్లో చేర్చితే అదనపు వ్యయం తక్కువగా ఉంటుంది. కేబుల్ ఒకసారి సముద్రం అడుగుకు చేరితే పాతికేళ్ల వరకు దానిని కదిలించరు. నిర్ణయం అంతకు ముందే జరగవలసి ఉంటుంది.