మోటారు సైకిలుపై కూర్చుండు తీరు

మోటారు సైకిలు నడుపువారిలో నడుము నొప్పి, మెడ పట్టుట, చేతివ్రేళ్లు తిమ్మిరెక్కుట అను బాధలు తరచుగా కనిపించుచున్నవి. తెల్లవారకముందే పాలక్యానులతో బయలుదేరువారు, ఇంటింటికి భోజనపు పొట్లములను చేరవేయువారు, ఊరూరు తిరిగి సరకు అమ్మువారు దినములో చాలభాగము బండిమీదనే గడుపుచున్నారు. వీరిలో పెక్కుమంది ఆ నొప్పి వయసు వలన వచ్చినదనియో, రోడ్డు చెడ్డదనియో తలచి, మందుల దుకాణమున మాత్రలు కొని మ్రింగి, మరునాడు మరల అదే బండి ఎక్కుచున్నారు. రోడ్డు చెడ్డదగుట నిజమే. కాని ఆ బండి తమ శరీరపు కొలతకు అమరినదా లేదా అని చూచుకొనువారు అరుదు.

సైకిలు కొన్ననాడు సీటు గొట్టమును పైకో క్రిందికో జరిపించుకొనని వారుండరు. మోటారు సైకిలు విషయమున ఆ యోచనయే రాదు. అయిదడుగుల మనిషియు ఆరడుగుల మనిషియు కర్మాగారమునుండి వచ్చిన బండిని వచ్చినట్లే నడుపుచుందురు. దీని సీటు ఎత్తు చాల బండ్లలో స్థిరమైనదే. అయినను హ్యాండిలు, లీవర్లు, బ్రేకు పెడలు, గేరు పెడలు, వెనుక షాక్ అబ్జార్బర్లు కొంతవరకు సర్దుటకు వీలుగా నిర్మింపబడియున్నవి. ఈ పని ఒక పూటలో, రెండు మూడు పానాలతో అగునట్టిది. (‘హ్యాండిలు’, ‘పెడలు’ వంటి మాటలకు అచ్చతెనుగు పదములు కల్పింపవచ్చును. అట్టి పదములతో మెకానిక్కు వద్దకు పోయినచో పని జరుగదు. కావున వాడుక మాటలనే ఇచట నిలిపితిమి.)

ముందు సీటు, పిదప పాదములు, ఆ పిదప చేతులు, కడపట అద్దములు అను వరుసను తప్పరాదు. కూర్చుండు చోటు మారినచో చేతులు అందు దూరమును మారును. అద్దములు ముందు సర్దినచో ఆ శ్రమ వృథా యగును.

బండి ఆగినపుడు ఒక పాదమైనను నేలపై నిండుగా ఆనవలెను. లేదా రెండు పాదముల ముందుభాగములైనను గట్టిగా ఆనవలెను. సామాన్యముగా వాడుకలోనున్న బండ్ల సీట్లు నేలనుండి సుమారు 780 మొదలు 810 మిల్లీమీటర్ల ఎత్తున ఉండును. పొట్టివారు సీటులోని స్పంజిని కోయించి ఎత్తు తగ్గించుకొనుట కలదు. ఇందులో ఒక చిక్కున్నది. సీటు దిగిన మేరకు మోకాలు మరింత ముడుచుకొనును. స్పంజి పలుచబడి కుదుపు నేరుగా పిరుదుల ఎముకలకు తగులును. పొడుగువారికి దీనికి విరుద్ధముగా స్పంజి కొంచెము పెంచుట వలన మోకాళ్లకు సుఖము కలుగును. కొన్ని సీట్లు ముందుకు వాలియుండి మనిషిని ట్యాంకువైపునకు జార్చుచుండును. అతడు చేతులతో వెనుకకు నెట్టుకొనుచు కూర్చుండవలసి వచ్చును. అట్టి సీటును సమతలముగా కుట్టించుట మేలు.

పాదముల విషయమిట్లు. పాదము ఫుట్ రెస్టుపై సహజముగా ఆనినపుడు, మడమ ఎత్తకయే వ్రేళ్లు బ్రేకు పెడలును తాకవలెను. పెడలు ఎత్తుగా ఉన్నచో నడుపువాడు దినమంతయు పాదమును పైకెత్తి పట్టుకొనును. పిక్కలకు ముందువైపున నొప్పి పుట్టును. ఎత్తును మార్చు బోల్టు చాల బండ్లలో పెడలు మొదటనే యుండును. దీనిని మార్చిన పిదప బ్రేకు పట్టుచున్నదా, వెనుక ఎఱ్ఱదీపము వెలుగుచున్నదా అని తప్పక చూడవలెను. గేరు పెడలును దాని పండ్ల యిరుసుపై ఒక పన్ను ఇటునటు మార్చి బిగింపవచ్చును.

ఇక చేతులు. బాధలలో ఎక్కువ భాగము ఇచటనే యున్నది. మణికట్టు లోపల ఎముకల నడుమ ఒక ఇరుకైన దారి కలదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగము వీనికి స్పర్శ నిచ్చు నరము ఆ దారిలోనుండియే పోవును. మణికట్టు వెనుకకు వంగియున్నంతసేపు అందులో ఒత్తిడి పెరుగును. యంత్రపు అదురు దానికి తోడగును. చిటికెనవ్రేలి నరము వేరు. అది అరచేతి అంచున పోవును. అరచేతిపై శరీరభారము మోపి కూర్చుండువారికి ఆ వ్రేలే ముందు మొద్దుబారును. కావున ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవో గమనించినచో, తప్పు లీవరులో నున్నదో కూర్చుండు తీరులో నున్నదో కొంతవరకు ఊహింపవచ్చును.

బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఎక్కి కూర్చుండి, కన్నులు మూసికొని, భుజములు సడలించి, రెండు చేతులను ముందునకు చాపుడు. మోచేతులు కొంచెము వంగియుండగా చేతులు ఎచట దిగునో హ్యాండిలు పిడులు అచటికి దగ్గరగా ఉండవలెను. హ్యాండిలు ఒకే కడ్డీగా నుండి బోల్టులతో బిగింపబడియున్న బండ్లలో, ఆ బోల్టులను వదులుచేసి కడ్డీని కొంచెము త్రిప్పి పిడులను దగ్గరకు తేవచ్చును. త్రిప్పునది కొలదిగానే యుండవలెను.

త్రిప్పిన పిదప లీవర్లను విడిగా సర్దవలెను. ఒక అడుగు కొలబద్దను ముంజేయి, చేతి వెనుకభాగము కలియునట్లు ఉంచి చూడుడు. వ్రేళ్లు ఆ గీతలోనే సాగి లీవరుపై పడవలెను. లీవరు మరీ పైకున్నచో చేతిని ఎత్తి మణికట్టును వెనుకకు విరువవలసి వచ్చును. క్లచ్ లీవరు కొనయందు కొంత వదులుండవలెను; సామాన్యముగా 10 నుండి 20 మిల్లీమీటర్లు. ఎడమచేయి మాత్రమే నొప్పి పుట్టువారు కూర్చుండు తీరును నిందింపక ముందు క్లచ్ కేబులును చూపించుకొనవలెను. అది తుప్పుపట్టి బిగుసుకొన్నచో నగరపు రద్దీలో నొక్కిన ప్రతిసారియు చేయి కష్టపడును. క్రొత్త కేబులు మాత్రల ఖర్చు కన్న చౌక.

బోల్టులను తయారీదారు పుస్తకమున చెప్పిన వరుసలో, చెప్పినంత బిగువుగా బిగింపవలెను. ఇంజను నడచుచుండగా, గేరు లేకుండ, హ్యాండిలును రెండు ప్రక్కలకు చివరివరకు త్రిప్పి చూడుడు. పిడి ట్యాంకునకు తగులరాదు. బ్రేకు గొట్టము సాగరాదు. ఇంజను వేగము తనంత తాను పెరుగరాదు. పెరిగినచో కేబులు లాగబడుచున్నదని యర్థము. అట్టి బండిని ఆ స్థితిలో రోడ్డుమీదికి తీసికొనిపోరాదు.

హ్యాండిలు క్రిందికుండి, మనిషి ముందుకు వంగి కూర్చుండు పందెపు తరహా బండ్లపై నేటి యువకులకు మోజు మెండు. మహావేగమున ఎదురుగాలి రొమ్మును కొంత మోయును. గంటకు 30, 40 కిలోమీటర్ల నగరపు ప్రయాణములో ఆ గాలి లేదు; మోయవలసినవి మణికట్లే. ప్రతిదినము పనికి పోవువాని కొరకు అట్టి బండి కొనుట తగదని మా అభిప్రాయము.

వెనుక షాక్ అబ్జార్బర్లకు సామాన్యముగా అయిదు మెట్లుండును. ఒంటరిగా పోవునపుడు గట్టి మెట్టున ఉంచినచో ప్రతి గుంటయు వెన్నెముకకు తెలియును. మెత్తని మెట్టున ఉంచి బరువు వేసినచో స్ప్రింగు పూర్తిగా క్రుంగి ఒక్కసారిగా దెబ్బ తగులును. రెండు ప్రక్కల మెట్టు ఒకటే కావలెను. సరకును వీపున మోయక బండికి కట్టుట మంచిది. వీపు సంచి బరువంతయు నడుముపైననే పడును.

ఇట్టి సర్దుబాట్లకు చట్టము అడ్డురాదు. కాని రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము నిషేధించుచున్నది. పెట్టెలు బిగించుటకై వెనుక కూర్చుండువారి పట్టుకొమ్మను, చక్రమునకు చీర చిక్కుకొనకుండ ఉంచిన అడ్డును ఊడదీయుటయు కూడదు. 1989 నాటి నియమములలో 123వది వానిని తప్పనిసరి చేసినది.

ఎంత చక్కగా సర్దినను ఒకే భంగిమలో గంటల తరబడి కూర్చుండరాదు. గంటకొకసారి దిగి అయిదు నిమిషములు నడువవలెను. ఇన్ని చేసినను రాత్రివేళ వ్రేళ్ల తిమ్మిరి నిద్ర లేపుచున్నచో, పట్టిన వస్తువు చేజారుచున్నచో వైద్యుని చూడవలెను. మధుమేహము వలనను తిమ్మిరి కలుగును. రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. నడుము నొప్పి కాలిలోనికి దిగి కాలు బలహీనమైనను, మూత్రము పట్టు తప్పినను, మర్మస్థానమున స్పర్శ తగ్గినను పానాలను ప్రక్కన పెట్టి, బండిని తాము నడుపక, ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.