జీతం లేని ఆన్‌సైట్

విదేశీ బైబిల్ కాలేజీలో ఏడాది సేవ చేసి రావాలని ఉందా? నోటీస్ పీరియడ్ పెట్టేముందు అక్కడి రోజు ఎలా ఉంటుందో తెలుసుకోండి.

కొత్తగూడ చౌరస్తా చుట్టూ ఉన్న పీజీ హాస్టళ్లలో ‘ఆన్‌సైట్’ అంటే ఒకటే అర్థం. క్లయింట్ దేశానికి వెళ్లాలి, పౌండ్లలోనో డాలర్లలోనో సంపాదించాలి, ఇంటి లోను ముందే తీర్చేయాలి. అవే హాస్టళ్లలో ఇంకో రకం ఆన్‌సైట్ గురించి ఆలోచించేవాళ్లూ ఉన్నారు. వారమంతా కోడింగ్, టెస్టింగ్ చేసి, ఆదివారం సంఘంలో సౌండ్ మిక్సరో లైవ్ స్ట్రీమింగో చూసుకునేవాళ్లు వీళ్లు. ఆరు నెలలో ఏడాదో విదేశంలోని బైబిల్ కాలేజీకి వాలంటీరుగా వెళ్లి రావాలన్నది వాళ్ల కోరిక. చాలాచోట్ల జీతం ఉండదు. తిండి, గది ఇస్తారు. టికెట్, వీసా ఖర్చులు ఎక్కువగా మన జేబులోంచే.

కోరిక మంచిదే. అయితే వెళ్లాలనుకునేవాళ్ల ఊహలో బోధలు, ఆరాధన, కొండల మధ్య ప్రార్థన ఉంటాయి. వెళ్లాక చేతికొచ్చేది చాలాసార్లు చీపురో, గిన్నెలో, ప్రింటరో అవుతుంది.

ముందు గిన్నెలు, తర్వాత క్లాసు

రెసిడెన్షియల్ బైబిల్ కాలేజీ ఒక చిన్న ఊరు లాంటిది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో రెండో ప్రపంచయుద్ధం తర్వాత మేజర్ ఇయాన్ థామస్ మొదలుపెట్టిన కేపర్న్‌రే హాల్‌నే తీసుకోండి. పాత భవంతిలో విద్యార్థులు, సిబ్బంది కలిసి ఉంటారు, కలిసి తింటారు. ఇలాంటిచోట రోజూ పదుల సంఖ్యలో పళ్లాలు కడగాలి, పక్కబట్టలు మార్చాలి, బాత్రూంలు తుడవాలి, తోట చూసుకోవాలి. వాలంటీర్లు నడిపేది ఈ భాగాన్నే. ఫీజు కట్టే విద్యార్థులకు కూడా రోజులో కొంత పని అప్పగించే కాలేజీలు చాలా ఉన్నాయి.

ఉదయం అల్పాహారం వడ్డించడంతో పని మొదలవుతుంది. క్లాసులో కూర్చునే వీలు దొరికితే అది బోనస్. మధ్యలో టీ. మధ్యాహ్న భోజనం అయ్యాక మళ్లీ పని. సాయంత్రం కూడిక. టెక్ తెలిసినవాళ్లు దొరికారంటే కాలేజీకి పండగే. క్లాసుల కోసం మూడ్ల్, లైబ్రరీ కోసం కోహా లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు చాలా విద్యాసంస్థల్లో నడుస్తున్నాయి. వాటి అప్‌డేట్లు, బ్యాకప్‌లు, వైఫై అందని గదులు, పాస్‌వర్డ్ మర్చిపోయిన ప్రొఫెసర్లు... అన్నీ మీ దగ్గరికే వస్తాయి. ఇక్కడ జూనియర్లకు అప్పగించే టికెట్లన్నీ అక్కడ మీరే క్లోజ్ చేయాలి.

వాతావరణం ఇంకో పరీక్ష. ఉత్తర ఇంగ్లండ్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం 4 గంటలకే చీకటి. అప్పుడు మన దగ్గర రాత్రి 9:30. అమ్మకు ఫోన్ చేయాలంటే పని మధ్యలో చేయాలి, లేదంటే ఆమె నిద్ర చెడగొట్టాలి. ఉడికించిన బంగాళాదుంపలు మొదటివారం బాగానే ఉంటాయి. మూడోవారానికి ఆవకాయ సీసా విలువ తెలుస్తుంది.

విశ్వాసం ఎక్కడ అలిసిపోతుంది?

బైబిల్ కాలేజీలో ఉంటే విశ్వాసం దానంతటదే పెరుగుతుందనుకుంటాం. అలా ఏడాది గడిపి వచ్చిన స్నేహితుడొకడు చెప్పింది వేరు. ఇక్కడ ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని చేసుకున్న ప్రార్థన తనదిగా ఉండేదట. అక్కడ ప్రార్థనకూ టైంటేబుల్ ఉంది. వాక్యం రోజూ చెవిన పడుతుంది కానీ, మీటింగ్ అయ్యాక కుర్చీలు ఎన్ని సర్దాలన్న లెక్కే మనసులో తిరుగుతుంది. మూడునెలలు గడిచేసరికి లోపల పొడిబారిపోయిందన్నాడు. దాని గురించి ఎవరితోనైనా చెప్పడానికి మొహమాటం. సేవకు వచ్చినవాడు ఇలా అంటే ఏమనుకుంటారో అని.

దీనికి తోడు ఆరాధన పద్ధతి. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు, చప్పట్లు, తబలా, గట్టిగా అందరూ కలిసి చేసే ప్రార్థన మధ్య పెరిగినవాళ్లకు, నిశ్శబ్దంగా కూర్చునే ఆరాధన మొదట్లో చల్లగా అనిపిస్తుంది. అక్కడివాళ్ల భక్తి తక్కువని కాదు. మన భక్తిలో మన భాష, మన పాట ఎంత ఉన్నాయో దూరం వెళ్లాకే తెలుస్తుంది. అందుకే వెళ్లినవాళ్లు చాలామంది వారానికోసారైనా తెలుగులో ప్రార్థించుకునే వీడియో కాల్ ఒకటి పెట్టుకుంటారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఏడాది నిలబెట్టేది ఇలాంటివే.

మరి గిన్నెల పనికీ భక్తికీ సంబంధం ఏమిటి? క్రైస్తవ చరిత్రలో దీనికి పాత జవాబు ఉంది. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన వంటగదిలో పనిచేసేవాడు. ప్రార్థన వేళకూ పని వేళకూ తనకు తేడా లేదన్నది ఆయన అనుభవం. పౌలు డేరాలు కుట్టి బతికాడు. యేసు శిష్యుల పాదాలు కడిగాడు. ఇవన్నీ సండే స్కూల్లో విన్నవే. అప్రైజల్ లేని, రేటింగ్ లేని, ఎవరూ ‘కుడోస్’ మెయిల్ పెట్టని చోట నెలల తరబడి పని చేసినప్పుడే అవి మనవో కాదో తేలుతుంది. కార్పొరేట్ ఉద్యోగం నుంచి వెళ్లేవాళ్లకు అసలు కష్టం చలి కాదు, తిండి కాదు. మెచ్చుకునేవాళ్లు లేకపోవడమే.

పంపేవాళ్లు ఎవరు?

తెలుగువాళ్లు సేవకోసం సముద్రం దాటడం కొత్తేమీ కాదు. 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగు, తమిళ కూలీలు ఒప్పంద కార్మికులుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లారు. వాళ్లమధ్య సేవ చేయడానికి 1903లో జాన్ రంగయ్య కుటుంబంతో సహా డర్బన్ చేరారు. కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది ఆ ఏడాదే. తోటల్లో పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లడం, వాళ్లను కూడగట్టడం ఆయన పని.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ. అంటే ఆయన వెనక తెలుగు సంఘాలు ఉన్నాయి. పంపినవాళ్లకు జవాబు చెప్పే బాధ్యతా ఉంది. ఇప్పుడు వెళ్లేవాళ్లలో కొందరు మాత్రం ఇన్‌స్టాలో చూసి, ఫారం నింపి, పాస్టర్ గారికి ఆఖరి వారంలో చెబుతారు. అలా వెళ్తే కష్టం వచ్చిన రోజు ఫోన్ చేయడానికి ఎవరూ ఉండరు. ముందే సంఘంలో చెప్పండి, ఇంట్లో చెప్పండి. ఖర్చులో ఎవరు ఎంత ఇస్తున్నారో కాగితంమీద రాయండి. నెలకోసారి వాళ్లకు ఉత్తరం రాస్తానని మాటివ్వండి.

వీసా విషయంలో దాపరికం వద్దు

‘టూరిస్టు వీసామీద వెళ్లిపో, అక్కడ చూసుకోవచ్చు’ అనే సలహా ఎవరిచ్చినా వినకండి. యూకేనే ఉదాహరణగా తీసుకుంటే:

• విజిటర్ వీసామీద అక్కడ రిజిస్టరైన చారిటీలో 30 రోజులకు మించి వాలంటీరు పని చేయకూడదు.

• చారిటీ వర్కర్ వీసా గరిష్ఠంగా 12 నెలలు. లైసెన్సు ఉన్న సంస్థ స్పాన్సర్ చేయాలి. జీతం తీసుకోకూడదు. రొటీన్ ఆఫీసు పని, అమ్మకాలు, నిధుల సేకరణ, భవనాల నిర్వహణ లాంటివి ఈ వీసా చెప్పే స్వచ్ఛంద సేవ కిందికి రావు. కాబట్టి ‘ఐటీ సపోర్ట్’, ‘మెయింటెనెన్స్’ అని పిలిస్తే, ఏ వీసామీద, ఏ పనికి తీసుకుంటున్నారో కాలేజీని రాతపూర్వకంగా అడగండి.

• 18-30 ఏళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ ఉంది. బ్యాలెట్‌లో పేరు రావాలి. 24 నెలల వరకూ ఉండొచ్చు. ఖాతాలో 2,530 పౌండ్లు చూపించాలి.

• ఆరు నెలలు దాటే వీసాకు మన దేశం నుంచి టీబీ పరీక్ష తప్పనిసరి. చారిటీ వర్కర్ వీసాకు హెల్త్ సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 1,035 పౌండ్లు.

అమెరికా ఆర్-1 వీసాకైతే, అదే మత శాఖలో కనీసం రెండేళ్ల సభ్యత్వం ఉన్నట్టు చూపించాలి. నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి. దరఖాస్తు రోజున ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్ చూడండి, ఏజెంటు మాట కాదు. సేవ పేరు చెప్పి అక్కడే సెటిలవుదామన్న ఆలోచన ఉంటే, ముందే మీతో మీరు నిజం చెప్పుకోండి. అలాంటి ఒక్క కేసు వల్ల తర్వాత దరఖాస్తు చేసే పదిమందిని అనుమానంగా చూస్తారు.

ఇంటి లెక్క, కెరీర్ లెక్క

కంపెనీ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా మామూలుగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నల పేర్లుంటే వాళ్ల కవరేజీ కూడా పోతుంది. రాజీనామాకు ముందే వాళ్లకు విడిగా పాలసీ చూడండి. ఎడ్యుకేషన్ లోను ఉంటే ఏడాది ఈఎంఐలు పక్కన పెట్టాకే బయల్దేరండి. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. జీతం లేని దీర్ఘకాలిక సెలవు మీ కంపెనీ ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. అడిగితే పోయేదేం లేదు.

రెజ్యూమెలో ఆ ఏడాదిని దాచొద్దు, సాక్ష్యంలా చెప్పొద్దు. చేసిన పని రాయండి. ఎన్ని గదుల క్యాంపస్ నెట్‌వర్క్ చూశారు, ఎన్ని పుస్తకాల కేటలాగ్ మార్చారు, ఎన్ని దేశాలవాళ్లతో కలిసి పనిచేశారు. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో నిజం చెప్పండి, చాలు.

ఆఖరిగా ఒక సూచన. ఫారం నింపేముందు మూడునెలల శనివారాలు ఇక్కడే ఇచ్చి చూడండి. 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో హైదరాబాద్ వచ్చిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరే ఉంది. అలాంటి సంస్థనో, మీ సంఘం నడిపే హాస్టల్‌నో అడగండి. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేయడం, పాత కంప్యూటర్లు బాగుచేయడం, భోజనాల తర్వాత హాలు కడగడం, ఏదిస్తే అది చేయండి. పన్నెండో శనివారం కూడా కొత్తగూడ నుంచి బస్సెక్కాలనిపిస్తే, అప్పుడు పాస్‌పోర్టు బయటికి తీయండి.